బడి పిల్లలు నడివయసుకొచ్చేదాకా: యాడ్ హెల్త్ అధ్యయనంపై తరచుగా అడిగే ప్రశ్నలు

"టీనేజ్‌లో అలా ఉన్న పిల్లలకి ముప్ఫై దాటాక ఇలా అవుతుందట" అనే వార్త వచ్చిన ప్రతిసారీ నాకు అవే సందేహాలు వచ్చి చేరతాయి. అలాంటి వార్తల్లో చాలాసార్లు కనిపించే పేరు యాడ్ హెల్త్. అడిగినవాళ్ళ మాటల్లోనే ప్రశ్నలు పెట్టి జవాబులు రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు. ఎక్కడ తెరిచినా అర్థం కావాలని కొన్ని అంకెలు రెండుసార్లు రాశాను, విసుక్కోకండి.

## అసలు ఏమిటిది

యాడ్ హెల్త్ అంటే ఏంటి? మందుల ట్రయల్ లాంటిదా?

కాదు. ఇందులో ఎవరికీ ఏ మందూ ఇవ్వలేదు, ఎవరి అలవాట్లూ మార్చలేదు. 1994–95లో అమెరికాలో 7 నుంచి 12వ తరగతి దాకా చదువుతున్న పిల్లల్ని ఎంచుకుని, కొన్నేళ్ళకోసారి వాళ్ళ దగ్గరికే మళ్ళీ మళ్ళీ వెళ్ళి ఆరోగ్యం, చదువు, స్నేహాలు, ఉద్యోగం, కాపురం గురించి అడుగుతూ వస్తున్నారు. అంతే. మొదట్లో దీని పేరు "కౌమార ఆరోగ్యంపై జాతీయ దీర్ఘకాలిక అధ్యయనం". పిల్లలు పెద్దవాళ్ళైపోయారు కాబట్టి తర్వాత పేరులో "కౌమారం నుంచి వయోజన దశ దాకా" అని చేర్చారు. నార్త్ కరోలైనా విశ్వవిద్యాలయం, చాపెల్ హిల్‌లోని కరోలైనా పాపులేషన్ సెంటర్ దీన్ని నడుపుతోంది.

దీన్ని ఎవరు మొదలుపెట్టారు? ప్రభుత్వం ఎందుకు డబ్బు పెట్టింది?

దీని పుట్టుక వెనక ఒక రాజకీయ గొడవ ఉంది. దీనికంటే ముందు టీనేజర్ల లైంగిక ప్రవర్తన మీద ఒక పెద్ద సర్వేకి అనుమతి దొరికింది. "పిల్లల్ని ఇలాంటివి అడుగుతారా" అని దుమారం లేవడంతో 1991లో అప్పటి ఆరోగ్య మంత్రి లూయిస్ సలివన్ దాన్ని రద్దు చేశారు. రెండేళ్ళ తర్వాత, 1993లో అమెరికన్ కాంగ్రెస్ ఆ పాత సర్వేని చేయకూడదంటూనే, కౌమార ఆరోగ్యం మొత్తం మీద దీర్ఘకాలిక అధ్యయనం జరగాలని చట్టంలో రాసింది. ఒక తలుపు మూసి ఇంకా పెద్ద తలుపు తెరిచారన్నమాట. సోషియాలజిస్టులు జె. రిచర్డ్ ఉడ్రీ, పీటర్ బేర్‌మన్, వాళ్ళ సహచరులు దాన్ని రూపకల్పన చేశారు. తర్వాత కేథలీన్ ముల్లన్ హారిస్ చాలాకాలం నడిపించారు.

ఇన్నేళ్ళు వెంటపడటం ఎందుకు? పెద్దయ్యాక ఒకసారి పిలిచి "చిన్నప్పుడు ఎలా ఉండేవాడివి" అని అడిగితే పోలేదా?

పోదు. నలభై ఏళ్ళ మనిషిని పదిహేనేళ్ళప్పటి సంగతి అడిగితే, అతను ఇవాళ్టి కళ్ళతో చూసి చెప్తాడు. ఇప్పుడు దిగులుగా ఉన్నవాడికి బాల్యమంతా దిగులుగానే గుర్తొస్తుంది. షుగర్ వచ్చినావిడ తను అప్పట్లో ఏం తిన్నదో వెతుక్కుని మరీ గుర్తు చేసుకుంటుంది, రానావిడకి ఆ అవసరమే ఉండదు. ఇలాంటి అధ్యయనంలో జబ్బు వస్తుందో రాదో ఎవరికీ తెలియనప్పుడే, అడిగినవాళ్ళకీ చెప్పినవాళ్ళకీ కూడా తెలియనప్పుడే, జవాబు నమోదైపోతుంది. ముప్ఫై ఏళ్ళ ఖర్చు, ఓపిక అంతా ఈ ఒక్కదాని కోసమే. మిగతా లాభాలన్నీ దీని తర్వాతే.

## బడిలో, ఇంట్లో: 1994 నుంచి 1996

పిల్లల్ని ఎలా ఎంచుకున్నారు? వాలంటీర్లా?

వాలంటీర్లు కాదు. ముందు బడుల్ని ఎంచారు. ప్రాంతం, ఊరి స్వభావం, బడి పరిమాణం, ప్రభుత్వమా ప్రైవేటా, విద్యార్థుల జాతి మిశ్రమం చూసి దేశం మొత్తానికి ప్రతినిధులుగా నిలిచేలా 80 హైస్కూళ్ళు తీసుకున్నారు. వాటికి పిల్లల్ని పంపే మిడిల్ స్కూళ్ళు కూడా కలిపితే 132 బడులు. ఆ బడుల్లో తరగతి గదిలోనే 90,000 మందికి పైగా పిల్లలు కాగితం మీద ప్రశ్నావళి నింపారు. ఆ బడుల విద్యార్థుల జాబితాల ఆధారంగా ఎంచిన 20,745 మందిని 1995లో ఇంటికి వెళ్ళి వివరంగా ఇంటర్వ్యూ చేశారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి వెంట నడిచింది ఈ 20,745 మందితోనే. కవలలు, తోబుట్టువులు, వైకల్యం ఉన్న పిల్లలు, క్యూబన్, ప్యూర్టోరికన్, చైనీస్ కుటుంబాల పిల్లలు, బాగా చదువుకున్న నల్లజాతి తల్లిదండ్రుల పిల్లలు: వీళ్ళని కావాలనే జనాభాలో వాళ్ళ వాటాకంటే ఎక్కువమందిని తీసుకున్నారు. లేకపోతే వాళ్ళ గురించి విడిగా ఏమీ చెప్పలేనంత కొద్దిమందే మిగిలేవారు.

ఒక లోటు ఉంది. బడి జాబితాలోంచి మొదలుపెట్టారు కాబట్టి, అప్పటికే చదువు మానేసి జాబితాలో పేరే లేని పిల్లలు ఇందులో లేరు.

స్నేహితుల పేర్లు కూడా రాయమన్నారట, అది ఆరోగ్యానికి ఎందుకు?

నాకు ఈ అధ్యయనంలో అన్నిటికంటే తెలివైన పని అనిపించేది ఇదే. పిల్లలకి ప్రశ్నావళితో పాటు ఆ బడి విద్యార్థుల జాబితా ఇచ్చారు. ప్రతి పేరుకీ ఒక నంబరు. "నీకు బాగా దగ్గరైన అబ్బాయిలు ఐదుగురు, అమ్మాయిలు ఐదుగురు" అంటే, పిల్లలు జాబితాలో వెతికి ఆ నంబర్లు వేశారు. అందరూ అలా వేసేసరికి బడి మొత్తం స్నేహాల పటం బయటపడింది. ఎవరి పేరు అందరూ రాశారు, ఎవరి పేరు ఒక్కరూ రాయలేదు, నేను స్నేహితుడనుకున్నవాడు నన్ను స్నేహితుడనుకున్నాడా లేదా: ఇవన్నీ లెక్కకి అందాయి. "మీ ఫ్రెండ్స్ సిగరెట్లు తాగుతారా?" అని అడిగి నమ్మాల్సిన పని లేదు, ఆ ఫ్రెండ్ తన కాగితంలో ఏం రాసుకున్నాడో చూస్తే చాలు.

కొన్ని బడుల్లో విద్యార్థులందరినీ ఇంటర్వ్యూ చేయాలని చూశారు. అలాంటి ఒక బడిలో ప్రేమ సంబంధాలని గీతలు గీసి చూస్తే, 18 నెలల కాలంలో జంటలైన 573 మందిలో 288 మంది ఒకే పొడవాటి గొలుసులో తేలారు. నడుమన అందరికీ కేంద్రమైన "హీరో" ఎవరూ లేరు. మెలికలు తిరిగిన సన్నని దారంలా ఒకరి నుంచి ఒకరికి సాగిపోయింది. అలాంటి గొలుసులో సుఖవ్యాధి చాలా దూరం పాకగలదు, అయితే ఎక్కడ ఒక లంకె తెగినా గొలుసు రెండు ముక్కలవుతుంది. ప్రమాదకరమైన కొద్దిమందిని పట్టుకుంటే చాలనే పాత ఆలోచన ఇక్కడ పనిచేయదు. 2004లో వచ్చిన పరిశోధన ఇది. తన వెనక అంతమంది ఉన్నారని ఆ పిల్లల్లో ఏ ఒక్కరికీ తెలిసి ఉండదు.

తాగుడు, సెక్స్, ఆత్మహత్య ఆలోచనలు... ఇవి అడిగితే పిల్లలు నిజం చెప్తారా?

అడిగే పద్ధతిని బట్టి ఉంటుంది. 1995 ఇంటి ఇంటర్వ్యూలో మామూలు ప్రశ్నలు ఇంటర్వ్యూ చేసేవాళ్ళే చదివి అడిగారు. సున్నితమైన ప్రశ్నలు రాగానే ల్యాప్‌టాప్‌ని పిల్లవాడి చేతికిచ్చి చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టారు. ప్రశ్న చెవిలో వినిపిస్తుంది, జవాబు తనే నొక్కుతాడు. పక్క గదిలో అమ్మ ఉన్నా ఆమెకి ఏమీ వినబడదు, ఎదురుగా కూర్చున్న మనిషికీ జవాబు తెలియదు. ఆ రోజుల్లో చాలా ఇళ్ళలో ల్యాప్‌టాప్ అనేదే వింత వస్తువు.

అయినా పిల్లలు పిల్లలే. బడిలో నింపిన కాగితాల్లో కృత్రిమ చేయో కాలో ఉందని రాసినవాళ్ళని తర్వాత ఇంటి ఇంటర్వ్యూతో పోల్చి చూస్తే, వాళ్ళలో అత్యధికులకి అలాంటిదేమీ లేదు. సరదాకి రాశారు. నవ్వొస్తుంది గానీ, పరిశోధకుడికి ఇది నవ్వులాట కాదు. నూటికి ఒకరిద్దరికి మాత్రమే ఉండే లక్షణం గురించి లెక్కలు వేసేటప్పుడు ఇలాంటి కొంటె జవాబులు కొన్ని పడినా ఫలితం తలకిందులవుతుంది. చిన్న సమూహాల గురించి, కేవలం బడి కాగితాల ఆధారంగా ఎవరైనా పెద్ద మాట చెప్తే నేను కాస్త ఆగుతాను.

తల్లిదండ్రులకి తెలియకుండా అడిగారా?

లేదు. ఇంటి ఇంటర్వ్యూకి తల్లిదండ్రుల అనుమతి, పిల్లల ఒప్పుకోలు రెండూ ఉండాలి. పైగా మొదటి విడతలో తల్లినో తండ్రినో, ఎక్కువగా తల్లినే, విడిగా ప్రశ్నించారు కూడా. కానీ పిల్లల జవాబులు వాళ్ళకి చూపించలేదు.

## పెద్దయ్యాక

ఇప్పటిదాకా ఎన్నిసార్లు కలిశారు?

ఆరు విడతలు. 1995లో మొదటిది. 1996లో రెండోది, అప్పటికి బడి ముగించుకున్న 12వ తరగతి పిల్లల్లో చాలామందిని వదిలేసి సుమారు 14,700 మందితో. 2001–02లో మూడోది, వయసు 18–26. 2008లో నాలుగోది, వయసు 24–32, మొత్తం 15,701 మంది. 2016–18లో ఐదోది, సుమారు 12,300 మంది. ఆరోది 2022లో మొదలైంది. మూడో విడతలో సుమారు 1,500 మంది జీవిత భాగస్వాముల్ని, ప్రేమికుల్ని కూడా ఇంటర్వ్యూ చేశారు. తర్వాత కొందరి తల్లిదండ్రుల దగ్గరికి కూడా మళ్ళీ వెళ్ళారు.

మధ్యలో ఊరు మారినవాళ్ళు, మానేసినవాళ్ళ సంగతేంటి? మిగిలినవాళ్ళతోనే లెక్క తేల్చేస్తే తప్పు కాదా?

సరైన అనుమానం. ఇలాంటి అధ్యయనాలకి ఉన్న పెద్ద జబ్బే అది. ఆరోగ్యంగా, స్థిరంగా ఉన్నవాళ్ళు తేలిగ్గా దొరుకుతారు. ఇల్లు లేనివాళ్ళు, మత్తులో పడ్డవాళ్ళు, జైలుకెళ్ళినవాళ్ళు దొరకరు. మిగిలినవాళ్ళని మాత్రమే చూస్తే అందరూ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే వెతకడానికి చాలా శ్రమ పడ్డారు. పెళ్ళై ఇంటిపేరు మారినవాళ్ళని, రాష్ట్రాలు దాటి వెళ్ళినవాళ్ళని పట్టుకున్నారు, జైళ్ళలో ఉన్నవాళ్ళని అక్కడికే వెళ్ళి ఇంటర్వ్యూ చేశారు. పదమూడేళ్ళ తర్వాత, 2008లో కూడా అర్హులైనవాళ్ళలో 80 శాతం మంది జవాబిచ్చారు. ఇది చాలా మంచి అంకె. తర్వాతి విడతలో ఇంటికి వెళ్ళే పద్ధతి తగ్గించి ఇంటర్నెట్, పోస్టు ద్వారా ప్రశ్నావళి పంపారు. అప్పుడు సంఖ్య తగ్గింది. దొరకనివాళ్ళ లోటు పూడ్చడానికి గణాంకాల్లో సర్దుబాట్లు ఉన్నాయి గానీ, సర్దుబాటు ఎప్పుడూ అసలు మనిషికి సాటి రాదు.

రక్తం, ఉమ్మి తీసుకున్నారట. ప్రశ్నలడిగితే చాలదా?

బీపీ ఉందా అని అడిగితే, ఎప్పుడూ చూపించుకోనివాడు లేదనే చెప్తాడు. అబద్ధం కాదు, అతనికి తెలియదు. అందుకే 2008 విడతలో ఇంటికొచ్చినవాళ్ళు కొలతలు కూడా తీశారు. ఎత్తు, బరువు, నడుము చుట్టుకొలత. కుర్చీలో ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి, అర నిమిషం తేడాతో మూడుసార్లు బీపీ. తర్వాత వేలికొన పొడిచి ప్రత్యేకమైన కాగితం కార్డు మీద ఏడు రక్తపు చుక్కల దాకా. ఫ్రిజ్జులు, నర్సులు, సిరంజిలు అక్కర్లేదు. చుక్కలు ఆరాక కార్డుని లేబొరేటరీకి పంపితే, గత రెండు మూడు నెలల షుగర్ సగటు, కొలెస్ట్రాల్, ఒంట్లో వాపు సూచించే ప్రోటీన్ కొలవచ్చు. ఉమ్మి డీఎన్‌ఏ కోసం. పదిహేను వేల మంది, దేశమంతా చెదిరిపోయినవాళ్ళు: వాళ్ళందరినీ ఆసుపత్రికి రమ్మంటే ఎందరొస్తారు?

పేరు బయటికి రాదని గ్యారంటీ ఏంటి? పోలీసులు అడిగితే?

పేర్లు, చిరునామాలు ఒక చోట, జవాబులు ఇంకో చోట ఉంటాయి. రెండిటినీ కలిపే తాళం పరిశోధకుల చేతిలో ఉండదు. దానితో పాటు అమెరికా ప్రభుత్వం ఇచ్చే గోప్యతా ధ్రువపత్రం ఉంది. కోర్టు అడిగినా పాల్గొన్నవాళ్ళ వివరాలు ఇవ్వాల్సిన అవసరం లేకుండా అది రక్షిస్తుంది. డ్రగ్స్ గురించి ధైర్యంగా జవాబివ్వాలంటే అంత భరోసా కావాలి మరి.

## ఫలితాలు చదివేటప్పుడు

ఇంతకీ ఏం తేలింది?

ఈ డేటా మీద వేలకొద్దీ పరిశోధనలు వచ్చాయి కాబట్టి ఒక్క ముక్కలో చెప్పలేను. మొట్టమొదట పేరు తెచ్చింది 1997లో వచ్చిన ఒక వ్యాసం. మా ఇంట్లోవాళ్ళకి నేనంటే ఇష్టం, మా బడిలో నేను ఒకడిని అనుకునే పిల్లల్లో తాగుడు, సిగరెట్లు, హింస, ఆత్మహత్య ఆలోచనలు తక్కువగా కనిపించాయి. బడి భవనం, తరగతిలో ఎంతమంది ఉన్నారు అనేవాటికంటే "ఇక్కడ నన్ను పట్టించుకుంటారు" అనే భావనకే బలం ఎక్కువ. ఆ తర్వాత చాలా బడుల్లో ఈ "బడితో అనుబంధం" అనే మాట విధానంలోకి వచ్చింది.

పెళ్ళిదాకా ఆగుతామని ఒట్టేసిన పిల్లల మీద రెండు రకాల వార్తలు చదివాను. ఏది నిజం?

రెండూ నిజమే, రెండూ ఇందులోంచే వచ్చాయి. 1990ల్లో అమెరికాలో పెళ్ళికి ముందు శృంగారం వద్దని పిల్లల చేత ప్రతిజ్ఞ చేయించే ఉద్యమం నడిచింది. 2001లో పరిశోధకులు బేర్‌మన్, హానా బ్రూక్నర్ చూసినప్పుడు, ఒట్టేసినవాళ్ళు సగటున 18 నెలలు ఆలస్యంగా మొదలుపెట్టినట్టు తేలింది. అదీ ఎక్కడపడితే అక్కడ కాదు. ఒట్టేసినవాళ్ళు మరీ తక్కువగా గానీ మరీ ఎక్కువగా గానీ లేని బడుల్లోనే. అందరూ ఒట్టేస్తే అందులో ప్రత్యేకత ఏముంది!

అక్కడితో ఆగి ఉంటే ఉద్యమం గెలిచినట్టే. కానీ పిల్లలు ఇరవైల్లోకి వచ్చాక మూడో విడతలో మూత్రం నమూనాలు పరీక్షించారు. 2005లో వచ్చిన ఫలితం ప్రకారం సుఖవ్యాధుల రేటు ఒట్టేసినవాళ్ళలోనూ వేయనివాళ్ళలోనూ దాదాపు ఒకటే. మొదటిసారి కండోమ్ వాడటం, పరీక్ష చేయించుకోవడం ఒట్టేసినవాళ్ళలో తక్కువ. దీని మీద వేరే పరిశోధకులు వాదానికి దిగారు, లెక్కలు తిరగేశారు. ఏమైనా, తొలి విడతలతోనే ఆపేస్తే ఒక జవాబు వచ్చేది, ఆరేళ్ళు ఆగితే ఇంకో జవాబు వచ్చింది.

ముప్ఫై లోపే ప్రతి ఐదుగురిలో ఒకరికి బీపీ ఉందని చదివి భయమేసింది. నమ్మొచ్చా?

2011లో వచ్చిన ఫలితం అది. 24–32 ఏళ్ళవాళ్ళలో 19 శాతం మందికి బీపీ 140/90 లేదా అంతకంటే ఎక్కువ. అదే వయసువాళ్ళకి అమెరికాలో జరిగే ఇంకో పెద్ద జాతీయ సర్వేలో 4 శాతమే! "డాక్టరు మీకు బీపీ ఉందన్నాడా?" అని అడిగితే మాత్రం 11, 9 శాతాలు, అంటే దాదాపు ఒకటే. ఒకచోట ఇంట్లో కొలిచారు, ఇంకోచోట పరీక్షా కేంద్రంలో. యంత్రాలు వేరు, పద్ధతి వేరు. పరిశోధకులు ఆ తేడాలన్నీ తరచి చూశారు గానీ మొత్తం తేడాకి కారణం దొరకలేదు. కాబట్టి 19 అనే అంకెని పట్టుకుని భయపడకండి, 4 అనే అంకెని పట్టుకుని నిశ్చింతగానూ ఉండకండి. ఇరవైల్లో కూడా బీపీ చూపించుకోండి.

టీనేజ్‌లో ఇది చేస్తే తర్వాత అది వస్తుందని రుజువైనట్టేనా?

ఏది ముందు, ఏది తర్వాత అన్నది తేలుతుంది. ముందుది కారణమని తేలదు. కాకి వాలడం ముందు, తాటిపండు పడటం తర్వాత. అంతమాత్రాన కాకి బరువుకే పడిందంటామా? సరిగ్గా నిద్రపోని పిల్లలకి తర్వాత బరువు పెరిగిందనుకోండి. నిద్ర వల్ల కావచ్చు, నిద్రని చెడగొట్టిన ఇంటి గొడవల వల్ల కావచ్చు, ఇరుకు ఇంటి వల్ల కావచ్చు. కవలల్ని, తోబుట్టువుల్ని చేర్చింది ఇందుకే. ఒకే ఇంట్లో పెరిగిన ఇద్దరిలో ఒకరు తాగి ఒకరు తాగకపోతే, ఆ ఇద్దరి తేడాలోంచి ఇంటి ప్రభావం చాలావరకు కొట్టుకుపోతుంది. పూర్తిగా కాదు. వార్తలో "వల్ల" అని కనిపిస్తే అసలు వ్యాసంలో ఆ మాట ఉందో లేదో చూడండి. చాలాసార్లు అక్కడ "సంబంధం ఉంది" అని మాత్రమే ఉంటుంది.

వాళ్ళు ఫోన్లు లేని కాలం పిల్లలు కదా, ఇప్పటి పిల్లలకి పనికొస్తుందా?

కొంతే. 1995లో వాళ్ళు టీవీ ముందు గడిపిన గంటల లెక్కతో ఇవాళ్టి ఫోను గురించి చెప్పబోవడం అనవసరం. ఒంటరితనం, ఇంటి ఆదరణ, పేదరికం ఒంట్లోకి ఎలా ఇంకుతాయన్నది మాత్రం అంత తొందరగా పాతబడదు.

ఇలాంటివి ఇంకెక్కడైనా ఉన్నాయా? మన దగ్గర?

ఉన్నాయి. బ్రిటన్‌లో 1946లో ఒకే వారంలో పుట్టినవాళ్ళలో 5,362 మందిని ఇప్పటికీ అనుసరిస్తున్నారు. న్యూజీలాండ్‌లోని డునెడిన్‌లో 1972–73లో పుట్టిన 1,037 మంది ఇంకో జట్టు. హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల్లో 1987–90 మధ్య గర్భిణులకీ పసిపిల్లలకీ అదనపు ఆహారం కొన్ని ఊళ్ళలో అంది, కొన్ని ఊళ్ళలో ఇంకా అందని సమయంలో మొదలైన అధ్యయనం మరొకటి. ఆ పిల్లలు 13–18 ఏళ్ళకి వచ్చాక కొలిస్తే, ఆహారం అందిన ఊళ్ళవాళ్ళు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. యంగ్ లైవ్స్ అధ్యయనం 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 3,000 మంది పిల్లల్ని అనుసరిస్తోంది.

## డేటా కావాలనుకునేవాళ్ళకి

నేను స్టూడెంట్‌ని. డేటా నాకు దొరుకుతుందా?

దొరుకుతుంది. అందరికీ తెరిచి ఉంచిన ఫైల్లో మొదటి విడతలోని 6,504 మంది ఉంటారు. నేర్చుకోవడానికీ, ఒక థీసిస్‌కీ చాలావరకు సరిపోతుంది. స్నేహాల పటాలు, పూర్తి నమూనా, జన్యు సమాచారం కావాలంటే మీ సంస్థ తరఫున ఒప్పందం రాసి, కంప్యూటర్ భద్రత ఎలా ఉంటుందో చూపించాలి.

వెయిట్లు అనే కాలమ్ ఉంది. అది వాడకపోతే ఏమవుతుంది?

నాకు జరిగింది చెప్తాను. మొదటిసారి ఫైలు తెరిచి, ఉత్సాహంగా తల్లిదండ్రుల చదువు మీద జాతివారీ పట్టిక వేశాను. నల్లజాతి కుటుంబాల్లో డిగ్రీలు అనుకున్నదానికంటే చాలా ఎక్కువ కనిపించాయి. కొత్త విషయం కనిపెట్టానని ఒక సాయంత్రమంతా మురిశాను. అధ్యయనంవాళ్ళు అలాంటి కుటుంబాలని కావాలనే ఎక్కువగా చేర్చుకున్నారని మర్నాడు కోడ్‌బుక్ (డేటాతో పాటు వచ్చే వివరణ పుస్తకం) చదివాక తెలిసింది. ఎక్కువ చేర్చుకున్నవాళ్ళ బరువు తగ్గించి, తక్కువైనవాళ్ళ బరువు పెంచి, మళ్ళీ దేశ జనాభాలా నిలబెట్టేదే ఆ కాలమ్. బడుల వారీగా ఎంచారు కాబట్టి ఒకే బడి పిల్లలు ఒకరిలా ఒకరుంటారన్న సంగతి కూడా లెక్కలో చెప్పాలి.

ఎప్పటికి అయిపోతుంది?

ముగింపు తేదీ అంటూ ఏమీ పెట్టలేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని సిగరెట్ల గురించి జవాబులు నొక్కిన పిల్లలు ఇప్పుడు నలభైల్లో ఉన్నారు. 2022లో మొదలైన ఆరో విడతలో వాళ్ళ జ్ఞాపకశక్తిని కూడా పరీక్షించారు.